ఇద్దరూ నచ్చకపోతే ఏం చేయాలి: లీలామహల్ సర్కిల్ జిరాక్స్ షాపు నుంచి

మా షాపు తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక సందులో ఉంది. జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు, అఫిడవిట్ టైపింగ్. మెట్టు మీద నిలబడితే ఫ్లైఓవర్ కనిపిస్తుంది. కట్టడం మొదలుపెట్టినప్పుడు దాని పేరు గరుడ వారధి. ప్రభుత్వం మారింది, శ్రీనివాస సేతు అయింది. మళ్లీ ప్రభుత్వం మారింది, గరుడ వారధి పేరే ఉండాలని టీటీడీ బోర్డు తీర్మానించింది. మా సందు చివర ఆటోవాళ్లు ఆ రెండు పేర్లలో దేన్నీ ఏ రోజూ పలకలేదు. వాళ్లకు అది 'బ్రిడ్జి'.

పథకం లిస్టులో పేరు రాలేదనో, పాస్‌బుక్కులో సర్వే నంబరు తప్పు పడిందనో ఆధార్ జిరాక్స్ కోసం వచ్చేవాళ్లు ఆ బ్రిడ్జి వంక చూసి అనే మాట ఒకటుంది: "ఎవురొచ్చినా ఇంతే అన్నా. ఈసారి ఇద్దరికీ వెయ్యను." పదిహేనేళ్లుగా వింటున్నాను. మరి ఎవరికి వేస్తావు, ఆయన పేరేంది, గుర్తేంది అని అడిగితే నవ్వి, చిల్లర తీసుకుని వెళ్లిపోతారు. పోలింగ్ రోజు పాత గుర్తు మీదే నొక్కొస్తారు. నెల తిరక్కముందే మళ్లీ అదే మాట.

కోపం రావడంలో తప్పేం లేదు. కాకపోతే దానికి ముందుగా చేసుకోవాల్సిన పని కొంత ఉంది. కౌంటర్ దగ్గర ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను ఏ పార్టీ మనిషినీ కాదు. అందరి ఫ్లెక్సీలకీ ఫొటోలు కత్తిరించి ఇచ్చినవాణ్ని.

ముందు మీ ఎమ్మెల్యే ఎవరో తేల్చుకోండి

నవ్వకండి. తిరుపతిలో ఇది నిజంగానే చిక్కు. తిరుపతి అసెంబ్లీ నియోజకవర్గం అంటే తిరుపతి అర్బన్ మండలం వరకే. రూరల్ మండలం చంద్రగిరి నియోజకవర్గంలోకి పోతుంది. చంద్రగిరి నియోజకవర్గం తిరుపతి లోక్‌సభలో లేదు, చిత్తూరు లోక్‌సభలో ఉంది. కాబట్టి తుమ్మలగుంటలో, ఆవిలాలలో ఉండేవాళ్లు కూరగాయలు తిరుపతిలో కొంటారు, పిల్లల్ని తిరుపతిలో చదివిస్తారు, ఓటు మాత్రం చంద్రగిరి ఎమ్మెల్యేకి, చిత్తూరు ఎంపీకి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చాక కలెక్టరేట్ తిరుపతి అయింది గానీ, నియోజకవర్గాల గీతలు పాతవే. మా చిన్నాయనది ఆవిలాల. ఐదేళ్లూ తిరుపతి ఎమ్మెల్యేని తిడతాడు. పాపం ఆ ఎమ్మెల్యేకి ఈయన ఓటే లేదు.

ఎన్నికల సంఘం వాళ్ల ఓటర్ యాప్‌లో ఓటరు కార్డు నంబరు కొడితే మీ నియోజకవర్గం, పార్టు నంబరు (ఓటర్ల జాబితాలో మీ బూత్ భాగం), వరుస నంబరు వస్తాయి. ఆ మూడూ కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి. కొత్త ఓటుకు ఫారం 6, ఇల్లు మారినా పేరు తప్పు పడినా ఫారం 8. పద్దెనిమిది నిండినవాళ్లు ఇప్పుడు జనవరి 1 కోసమే ఆగక్కర్లేదు. ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా లెక్కలోకి వస్తాయి.

ఫారం 26 చదవడం

నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఒక అఫిడవిట్ వేస్తాడు. అదే ఫారం 26. సుప్రీంకోర్టు 2002లో, మళ్లీ 2003లో గట్టిగా చెప్పబట్టి ఇది మన చేతికొచ్చింది. ఎన్నికల సంఘం సైటులో అఫిడవిట్ల పోర్టల్ ఉంది. పార్టీల మీద విసుగొచ్చినవాళ్లు యూట్యూబ్‌లో అరుపులు వినడం మానేసి ఒక్క గంట దీని మీద పెడితే చాలంటాను.

పేజీల లావు చూసి భయపడొద్దు. చివర్లో పార్ట్ బి అని సారాంశం ఉంటుంది, ముందు అది చదవండి. తర్వాత వెనక్కి రండి. నేను చూసే వరుస ఇది. మొదట కేసులు. ఎన్ని అని కాదు, ఏ సెక్షన్లు అని. రోడ్డు మీద కూర్చున్నందుకు, ఆర్డర్ మీరి ఊరేగింపు తీసినందుకు పెట్టిన 188, 341 లాంటివి ఉద్యమాల్లో తిరిగే ఎవరికైనా ఉంటాయి. 420 (మోసం), 307 (హత్యాయత్నం), 354 (మహిళ మీద దౌర్జన్యం) వేరే సంగతి. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి కొత్త కేసుల్లో నంబర్లు మారాయి. మోసం ఇప్పుడు 318, హత్యాయత్నం 109. ఫోర్ ట్వంటీ అనేది ఇక తిట్టుగా మాత్రమే మిగిలింది. కేసులున్న అభ్యర్థి వాటిని పేపర్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి. చిన్న అక్షరాల్లో, ఎవరూ చూడని పేజీలో వేస్తుంటారు. వెతికితే దొరుకుతుంది.

తర్వాత ఆస్తులు. ఒకే మనిషివి 2019 అఫిడవిట్, 2024 అఫిడవిట్ రెండూ దించుకుని పక్కపక్కన పెట్టండి. ఐదేళ్ల ఆదాయం అదే ఫారంలో ఏడాదివారీగా ఉంటుంది. ఆ ఆదాయం మొత్తం కలిపినా పెరిగిన ఆస్తికి సరిపోతుందా లేదా అన్నది కూడికలు వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది. భూమి ధర పెరిగిందని చెప్పుకోవచ్చు, అది నిజం కూడా కావచ్చు. అందుకే కొన్న తేదీ, కొన్నప్పటి ధర అనే గడులున్నాయి. సర్వే నంబర్లు కూడా ఇస్తారు. మనూరి పొలమైతే ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో కొట్టి చూసుకోవచ్చు. సొంత వాహనాలు లేవు అని చదివినప్పుడు మాత్రం నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది. ఊరంతా ఎనిమిది బండ్ల వెంట తిరిగే మనిషాయె. అవి ఏ కంపెనీ పేరు మీదో ఉంటాయి, చట్టప్రకారం తప్పు కాదు.

మా ఆవిడ మాత్రం నేరుగా బంగారం లైనుకే పోతుంది. "ఆ ఇంట్లో ఇంతే ఉందంటే నమ్మమంటారా?" అంటుంది. ఆమె పద్ధతి ఆమెది.

ఎక్కువ మంది దాటేసే గడి ఒకటుంది: ప్రభుత్వంతో కాంట్రాక్టులు. అభ్యర్థికి, భార్యకి లేదా భర్తకి, వాళ్లకు వాటాలున్న సంస్థలకి ఉన్న కాంట్రాక్టులు అక్కడ రాయాలి. మీ వీధి కాలువ పని ఎవరు చేశారో మీకు తెలుసు కాబట్టి ఈ గడి మీకు అర్థమైనంతగా ఢిల్లీలో ఎవరికీ అర్థం కాదు.

ఈవీఎంలో కింది సగం

ఈవీఎం మీద పేర్లు ఇష్టమొచ్చినట్టు ఉండవు. గుర్తింపు పొందిన జాతీయ, రాష్ట్ర పార్టీల వాళ్లు పైన, వాళ్లలో అక్షరక్రమం. తర్వాత రిజిస్టరై గుర్తింపు లేని పార్టీలు. ఆ తర్వాత ఇండిపెండెంట్లు. అన్నిటికంటే కింద నోటా. ఒక యూనిట్‌లో పదహారు గడులు. మన చూపు నాలుగో గడి దగ్గరే ఆగిపోతుంది. ప్రత్యామ్నాయం లేదు అనే ముందు ఆ కింది పేర్లు చదివామా లేదా అన్నది నా ప్రశ్న.

అయితే కింది సగమంతా మంచివాళ్లని కూడా కాదు. డమ్మీలుంటారు. పెద్ద అభ్యర్థి పేరు, ఇంటిపేరు కలిసేలా వెతికి మరీ నిలబెడతారు. అందుకే 2015 నుంచి ఈవీఎం మీద ఫొటో కూడా వేస్తున్నారు. డమ్మీని పట్టుకోవడం ఎలా అంటే, వాళ్ల అఫిడవిట్ల కట్ట చూస్తే మా పనివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ముగ్గురు ఇండిపెండెంట్లకి ఒకే ఫాంటు, ఒకే రోజు, ఒకే నోటరీ ముద్ర, అక్షరదోషాలు కూడా ఒకటే. పార్టీలు పక్కనోడి ఓటు చీల్చడానికి పడే కష్టంలో సగం మన వీధిలైటు మీద పెట్టినా బాగుండేది.

రెండో పరీక్ష, ఫోన్ చేయడం. ఇండిపెండెంట్‌కి ఫోన్ చేసి, "మా వార్డుకి ఎప్పుడొస్తావన్నా?" అని అడగండి. నిజంగా నిలబడినవాడు ఆ సాయంత్రమే వచ్చి టీ తాగి పోతాడు.

నోటా గురించి తొందరగా

2013 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాక నోటా వచ్చింది. మనకు 2014 నుంచి. నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినా, తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలుస్తాడు. డిపాజిట్ లెక్కలో కూడా నోటాని కలపరు. 2019లో తిరుపతి లోక్‌సభ స్థానంలో నోటాకి 25 వేలకు పైగా పడ్డాయి. కాంగ్రెస్ అభ్యర్థికి, బీజేపీ అభ్యర్థికి విడివిడిగా చూస్తే వచ్చినవాటి కంటే అవే ఎక్కువ. పేపర్లో ఒకరోజు వార్తయింది. ఎవరి తీరూ మారలేదు. నేనూ ఒకసారి నొక్కాను, ఏదో పెద్ద పని చేసినట్టు ఇంటిదాకా ఛాతీ విరుచుకుని నడిచాను. ఇంట్లో చెబితే మా ఆవిడ, "అయితే ఎవరూ వద్దని చెప్పడానికి అంతసేపు క్యూలో నిలబడ్డారా?" అంది.

అభ్యర్థులందరి అఫిడవిట్లూ చదివాక కూడా ఒక్కరూ నచ్చకపోతే నోటా నొక్కండి. చదవకుండా మాత్రం వద్దు. అదే 2019లో తిరుపతి అసెంబ్లీ సీటు తేలింది 708 ఓట్ల తేడాతో. ఒక పెద్ద బూత్‌లో ఉండే ఓటర్ల కంటే తక్కువ.

ఫారం 20, మీ బూత్ జాతకం

ఇది తెలిసినవాళ్లు తక్కువ. కౌంటింగ్ అయ్యాక బూత్ వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు, నోటాకి ఎన్ని అని ఒక పట్టిక తయారవుతుంది. అదే ఫారం 20. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైటులో నియోజకవర్గం వారీగా ఉంటుంది. మీరు ముందు రాసి పెట్టుకున్న పార్టు నంబరు ఇక్కడ పనికొస్తుంది. బూత్ నంబర్లు ఒక్కో ఎన్నికకి మారుతుంటాయి, కాబట్టి ఆ ఏటి ఓటర్ల జాబితా పక్కన పెట్టుకుని వీధి పేరు సరిచూసుకోండి.

షాపుకి వచ్చే పెన్షన్‌దార్లలో ఒక భయం ఉంది. "ఎవరికేసినామో వాళ్లకి తెలిసిపోతుందంట, పింఛన్ ఆపేస్తారంట." మీ ఓటు ఎవరికీ తెలియదు. ఈవీఎం పక్కనుండే చీటీ యంత్రం, అదే వీవీప్యాట్, దాని అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించే చీటీ మీకొక్కరికే. కానీ మీ బూత్ తెలుస్తుంది. పార్టీ బూత్ ఇన్‌ఛార్జి దగ్గర ఈ ఫారం 20 బట్టీ పట్టినట్టు ఉంటుంది. ఏ వీధి మనది, ఏ వీధి వాళ్లది అని వాళ్లు లెక్క వేసేది దీంతోనే. దీన్నే మనవైపు నుంచి తిప్పి చూడండి. ఎప్పుడూ రెండు గుర్తులకే పడే బూత్‌లో మూడో పేరుకి ఉన్నట్టుండి వంద ఓట్లు పడితే, ఆ వంద ఎక్కడినుంచి పోయాయని ఇద్దరూ వెతుక్కుంటూ వస్తారు. గెలవని అభ్యర్థికి వేసిన ఓటు వృథా అనేవాళ్లకు నేను ఈ పట్టికే చూపిస్తాను. ఒక ఓటుగా పోతే గుంపులో కలిసిపోతుంది. వీధి వీధంతా మాట్లాడుకుని వేస్తే పట్టికలో కనిపిస్తుంది.

కొత్త పార్టీ అనగానే

కొత్త పార్టీల సంగతి తిరుపతివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 1982 మార్చిలో తెలుగుదేశం పుట్టింది, 1983లో ఎన్టీఆర్ ఇక్కడినుంచీ గుడివాడ నుంచీ రెండుచోట్లా గెలిచి గుడివాడ ఉంచుకున్నారు. 2008 ఆగస్టు 26న చిరంజీవి ప్రజారాజ్యం ప్రకటించింది మా ఊళ్లోనే. ఆ రోజు నేను పార్టీ జెండా బొమ్మ ఎన్ని కలర్ జిరాక్సులు తీశానో లెక్కలేదు, టోనర్ అయిపోయి చెన్నై నుంచి తెప్పించుకున్నాను. 2009లో 18 సీట్లొచ్చాయి, ఆయన తిరుపతిలో గెలిచి పాలకొల్లులో ఓడారు. 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది, 2012లో ఆయన రాజ్యసభకు పోయారు. రెండు కొత్త పార్టీలకూ ఆరంభంలోనే సీటిచ్చిన ఊరు మాది. రెండుసార్లూ మాకు దక్కింది ఉప ఎన్నిక.

కాబట్టి ఎవరైనా కొత్త జెండాతో వస్తే చూడాల్సింది ప్రసంగం కాదు. పార్టీ రిజిస్టరు చేయడం పెద్ద పనేం కాదు, ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ కింద వందమంది సభ్యులతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. గుర్తింపు రావడమే కష్టం. మీ డివిజన్‌లో వాళ్లకు కమిటీ ఉందా? ఉంటే ఆ కమిటీలో ఉన్నవాళ్లు పోయినసారి ఏ పార్టీ కమిటీలో ఉన్నారు? టికెట్ రానివాళ్ల సత్రమా, సొంత మనుషులున్న ఇల్లా అన్నది ఈ రెండో ప్రశ్నతో తేలిపోతుంది. ఇంకో సంగతి. ఫిరాయింపుల చట్టం ప్రకారం, ఒక పార్టీ శాసనసభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే వేరే పార్టీలో విలీనం కావచ్చు. ఇండిపెండెంట్‌గా గెలిచినవాడు మాత్రం తర్వాత ఏ పార్టీలో చేరినా సీటు పోతుంది. ఒంటరివాడికే కట్టుబాటు ఎక్కువ.

మీరే ఒకరిని నిలబెట్టాలనుకుంటే

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2019లో మా వీధి ట్యూషన్ సారు ఇండిపెండెంట్‌గా అసెంబ్లీకి నిలబడతానన్నాడు. ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి, సగం ఊరు ఆయన దగ్గర చదివిందే. కాగితాల పనంతా నాది.

గుర్తింపు పార్టీ అభ్యర్థికి ప్రతిపాదించేవాళ్లు ఒక్కరు చాలు. ఇండిపెండెంట్‌కైనా, గుర్తింపు లేని పార్టీ అభ్యర్థికైనా పదిమంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. అభ్యర్థి రాష్ట్రంలో ఎక్కడి ఓటరైనా పర్వాలేదు, ప్రతిపాదకులకి ఆ వెసులుబాటు లేదు. అసెంబ్లీకి నామినేషన్ ఫారం 2బి. డిపాజిట్ 10 వేలు, ఎస్సీ ఎస్టీలకు 5 వేలు. లోక్‌సభకైతే 25 వేలు, సగం 12,500. ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా నామినేషన్‌కి ముందురోజుకల్లా తెరిచి ఉండాలి. రిటర్నింగ్ అధికారి గదిలోకి అభ్యర్థితో పాటు నలుగురికే అనుమతి. వేళ పదకొండు నుంచి మూడు. అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు, ఏమీ లేకపోతే 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాలి.

ఇవన్నీ చేశాం. గడులన్నీ నింపాం. పదిమందిలో తొమ్మిది సంతకాలు సారు తెచ్చుకున్నాడు. పదోది దొరక్క చివరిరోజు పొద్దున నేను మా బామ్మర్దిని పిలిచి పెట్టించాను. వాడు ఇరవై ఏళ్లుగా తిరుపతిలోనే బట్టల షాపులో పనిచేస్తాడు. ఓటు తుమ్మలగుంటలో. పరిశీలన రోజు అధికారి జాబితా తిరగేసి, ఈయన మన నియోజకవర్గం కాదు కదా అని మర్యాదగానే అడిగాడు. నామినేషన్ పోయింది. డిపాజిట్ వెనక్కిచ్చారు. ముప్పై ఏళ్లు పిల్లలకు 'సరిచూసుకో' అని చెప్పిన సారు నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా నామినేషన్లు వేయొచ్చు. డిపాజిట్ ఒక్కటే. వేరే వేరే పదిమందితో రెండో సెట్ వేసి ఉంటే గట్టెక్కేవాళ్లం. కాబట్టి రాసి పెట్టుకోండి: రెండు సెట్లు, ఇరవై మంది, ప్రతి ఒక్కరి ఓటరు నంబరూ యాప్‌లో కొట్టి చూసిన తర్వాతే సంతకం.

పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరోవంతు దాటకపోతే డిపాజిట్ పోతుంది. దానికి సిగ్గుపడేది లేదు. ఖర్చు లెక్క మాత్రం ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో ఇచ్చేయాలి, లేకపోతే మూడేళ్లు పోటీకి పనికిరాకుండా చేయొచ్చు. ఓడిపోయిన చిన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, బిల్లులు పారేసి.

చిన్న ఎన్నికలు

అసెంబ్లీ మీద అంత పట్టుదల ఎందుకు అని కూడా అడుగుతాను. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులే ఉండవు. 21 ఏళ్లు నిండితే వార్డు సభ్యుడిగా నిలబడొచ్చు. కొన్ని వందల ఓట్ల వార్డులో మనిషిని చూసి వేస్తారు. పార్టీలు వెనకనుంచి ఆడిస్తాయన్నది నిజమే, ఏకగ్రీవం చేయమని పెద్దమనుషులు ఇంటికొస్తారన్నదీ నిజమే. ఆ రోజు 'లేదు, పోటీ ఉంటుంది' అనగలిగినవాడు సగం గెలిచినట్టే.

ఇంకోటి పట్టభద్రుల ఎమ్మెల్సీ. మనది తూర్పు రాయలసీమ, అంటే పాత ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాలు. 2023 మార్చిలో జరిగింది, ఆరేళ్ల పదవి. పెద్ద పార్టీలు కాని పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) అభ్యర్థులు ఇక్కడినుంచి మండలికి వెళ్లిన చరిత్ర ఉంది. దీని ఓటర్ల జాబితా ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. పోయినసారి ఓటుందని కూర్చుంటే ఉండదు. డిగ్రీ అయి మూడేళ్లు దాటినవాళ్లు ఫారం 18 మళ్లీ ఇవ్వాలి. ఓటు కూడా వేరే రకం. వాళ్లిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతో పేరు పక్కన 1, తర్వాత 2, 3 అని అంకెలు వేయాలి. టిక్కు పెట్టకూడదు, అక్షరాల్లో రాయకూడదు, 1 లేకుండా 2 వేస్తే చెల్లదు. నచ్చిన చిన్నవాడికి 1 వేసి, పర్వాలేదనుకున్నవాడికి 2 వేయొచ్చు. లెక్కింపులో మొదటివాడు వెనకబడి పోటీలోంచి తీసేస్తే మీ ఓటు రెండోవాడి ఖాతాకి మారుతుంది. ఓటు చీలిపోతుందేమో అన్న టెన్షన్ ఇక్కడ లేదు. అసెంబ్లీకి కూడా ఇలాగే ఉంటే నా కౌంటర్ దగ్గర సగం వాదనలు ఉండేవి కావు.

పోయిన వారం ట్యూషన్ సారు షాపుకొచ్చాడు. వచ్చే ఎన్నికలకి ఇంకా టైముంది, అయినా ఇరవై పేర్ల జాబితా ఇప్పుడే రాసుకొచ్చాడు, పక్కన ఓటరు నంబర్లతో సహా. "నువ్వు ఒకసారి చూడు నాయనా" అని కుర్చీలో కూర్చున్నాడు. నేను ఒక్కొక్కటీ యాప్‌లో కొడుతూ పోయాను. పద్నాలుగో పేరు దగ్గర ఆగాను. చిరునామాలో తిరుపతి అనే ఉంది. యాప్ చంద్రగిరి అంటోంది.